రెక్క కన్నా మొక్క ముందు: చంపావతి గట్టున మాఘ ఫాల్గుణాల సీతాకోకలు

మా బడి గోడకు వేలాడే చార్టులో అన్నిటికన్నా పెద్ద బొమ్మ మోనార్క్‌ది. అది అమెరికా ఖండాల సీతాకోక. మన పొలాల్లో, మన కొండల్లో కనబడదు. పిల్లలు మాత్రం బడి ప్రహరీ పక్కన జిల్లేడు మీద వాలిన ప్లెయిన్ టైగర్‌ని చూసి "మోనార్క్ మాస్టారూ!" అని కేకేస్తారు. అందులో పిల్లల తప్పేమీ లేదు, వాళ్లకి చూపించిన బొమ్మే అది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల చుట్టుపక్కల ఏ సీతాకోక ఎగురుతుంది, ఏ నెలలో ఎలా ఉంటుంది, ఏ మొక్క దగ్గర వెతికితే దొరుకుతుంది అన్నది తెలుగులో రాసిపెట్టిన పట్టిక ఒకటి బడికి కావాలి. దాన్ని మేమే తయారుచేద్దామని ఈ సంక్రాంతి సెలవుల్లో కూర్చున్నాం. మేము అంటే నేను, ఎనిమిదో తరగతి చదివే నా మేనకోడలు, దాని స్నేహితులు కొందరు.

దేశమంతా సీతాకోకల్ని లెక్కపెట్టే సందడి సెప్టెంబరులో ఉంటుంది. వానలు పడి గట్లన్నీ పచ్చబడ్డాక వాటి సంఖ్యా పెరుగుతుంది, రంగులూ తేటగా ఉంటాయి. మేం కావాలనే మాఘ ఫాల్గుణాలు ఎంచుకున్నాం. మంచు తగ్గుతూ, మామిడి పూస్తూ, గడ్డి ఎండుతూ ఉండే ఈ రెండు నెలల్లో మన వైపు ఏముంటాయో రాసినవాళ్లు తక్కువ. పైగా ఈ కాలంలో చాలా సీతాకోకలు పుస్తకంలో బొమ్మలా ఉండవు. ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

వల వాడం. చంపి గుండుసూదులు గుచ్చడం అసలే లేదు. ఫోనుకి తగిలించే చిన్న మాక్రో లెన్సు, గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, ఇంతే సరంజామా. ప్రతి సీతాకోకకీ రెండు ఫొటోలు తీయాలన్నది మా నియమం: రెక్క విప్పినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి. పక్కన సమయం, ఎండా మబ్బా, ఏ మొక్క మీద ఉంది, తేనె తాగుతోందా, గుడ్డు పెడుతోందా, ఊరికే ఎండ కాచుకుంటోందా అన్నది రాయాలి. గుడ్డు పెడుతోందా అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. తేనె కోసం ఏ పువ్వు మీదైనా వాలుతుంది. గుడ్డు మాత్రం తన పిల్ల తినే ఆకు మీదే పెడుతుంది. అందుకే పట్టికను సీతాకోకల పేర్ల వరసన కాక మొక్కల వరసన రాస్తున్నాం.

రథసప్తమి వారం: జిల్లేడు

అరసవల్లి వెళ్లే బస్సులు కిక్కిరిసి పోతున్న ఆ వారమే మొదలుపెట్టాం. సూర్యుడికి ఇష్టమైన జిల్లేడుతోనే మొదటి పేజీ రాయడం పిల్లలకు బాగా నచ్చింది. రథసప్తమి స్నానానికి తల మీద పెట్టుకునే ఆకు కోసం ఎలాగూ పొద దగ్గరికి వెళ్లాలి కదా. ఆకు తెంపే ముందు తిప్పి అడుగు చూడమన్నాను. లేత ఆకు అడుగున ఒక్కొక్కటిగా పెట్టిన తెల్లటి సన్న గుడ్లు కనబడ్డాయి. పక్క కొమ్మ మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు. ఒంటి మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు ఉంటాయి దానికి. చూడగానే ఇది ప్లెయిన్ టైగర్ పురుగని చెప్పొచ్చు.

పొద్దున ఎనిమిదింటికి అక్కడ ఎగిరేది ఒక్కటీ లేదు. చంపావతి మీద మంచు ఇంకా విడలేదు. సీతాకోకకి ఛాతీ కండరాలు వేడెక్కితేనే రెక్క ఆడుతుంది, ఆ వేడి ఎండ నుంచే రావాలి. తొమ్మిది దాటాక తూర్పు వైపు గట్టు మీద రెక్కలు పరిచి కూర్చున్నవి కనబడ్డాయి. ఫొటోకి అదే మంచి సమయం. పది దాటితే నిలకడగా కూర్చోవు.

ప్లెయిన్ టైగర్‌లో మగదాన్నీ ఆడదాన్నీ పోల్చడం తేలిక. కింది రెక్క మధ్యలో నల్ల చుక్కలు మూడే ఉంటే ఆడది. వాటికి తోడు కొంచెం కిందుగా, మధ్యలో తెలుపున్న నాలుగో మచ్చ ఉంటే మగది. అది వాసన విడిచే పొలుసుల సంచి. జిల్లేడు పాలలోని విషం పురుగు ఒంట్లో చేరి పెద్దయ్యాక కూడా ఉండిపోతుంది కాబట్టి పిట్టలు దీని జోలికి రావు. అందుకే అంత తీరిగ్గా ఎగురుతుంది.

ఈ తీరికను అరువు తెచ్చుకునేది ఇంకొకటుంది: డానైడ్ ఎగ్‌ఫ్లై. ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ రంగులో ఉంటుంది, విషం మాత్రం లేదు. పోల్చడానికి ఒక్కటే చూడాలి, కింది రెక్క నడిమధ్య ఆ మూడు చుక్కలు ఉండవు, పై అంచు దగ్గర ఒకటే నల్లమచ్చ ఉంటుంది. మగదాని తీరే వేరు, నల్ల రెక్కల మీద ఊదా మెరుపు అంచున్న పెద్ద తెల్ల మచ్చలు. దీని పురుగు తినేది గంగపాయల కూర. మా ఊరి చెరువు కింద కూరమళ్లలో గంగపాయల మొలిచే చోట మగది ఒక రాయిని తనదిగా చేసుకుని వచ్చిన ప్రతిదాన్నీ తరుముతూ కనబడింది. జిల్లేడు పేజీలో ప్లెయిన్ టైగర్, గంగపాయల పేజీలో ఎగ్‌ఫ్లై. ఇలా రాస్తే పిల్లలు రెండిటినీ కలిపేసుకోరు.

గట్టు మీద గేదెను తోలుకెళ్తున్న ఒక పెద్దమ్మ ఆగి అడిగింది.

"ఏటి మాస్టారూ, ఆ జిల్లేడుకాడ ఏటెతుకుతున్నారు పిల్లల్నేసుకుని?"

పురుగును చూపించాం. ఇది రేపు ఎర్రటి సీతాకోక అవుతుందంటే ఆవిడ కాసేపు చూసి, "మా గుంటలు సిన్నప్పుడు దీన్ని తొక్కీసీవోరు, పాపం" అంది. మర్నాడు ఆవిడే ఇంకో పొద చూపించింది. దాని కాండానికి ఆకుపచ్చ ప్యూపా, అంటే పురుగు సీతాకోకగా మారే గూడు, వేలాడుతోంది.

మాఘ పౌర్ణమి దాటాక: కరివేపాకు డబ్బాలు

ఈ ప్రాజెక్టులో చేతులతో చేసే పని ఎక్కువగా ఉన్నది ఇక్కడే. మా పెరటి కరివేపాకు చిగుళ్ల మీద, పక్కింటి నిమ్మ మీద పిట్ట రెట్టలాంటి పురుగులు దొరికాయి. ముదురు గోధుమ రంగు, మధ్యలో తెల్లటి మరక. పురుగు నాలుగు దశల వరకు ఇలాగే ఉండి ఐదో దశలో ఒక్కసారిగా ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనక నుంచి చీలిన కొమ్ము ఒకటి బయటికి తీస్తుంది. దాన్నుంచి పుల్లటి ఘాటు వాసన వస్తుంది. చీమల్నీ సాలీళ్లనీ బెదిరించడానికి అది.

కరివేపాకు మీద మన వైపు రెండు రకాలు గుడ్లు పెడతాయి, లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్. రెండిటి పిల్లలూ చిన్నప్పుడు ఒక్కలాగే ఉంటాయి. అక్కడ పేరు రాయడానికి తొందరపడకూడదు. పెంచి, రెక్కలొచ్చాకే రాయాలని నిర్ణయించాం.

పెంపకం ఇలా చేశాం. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా, మూత బదులు దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండు. అడుగున పాత న్యూసుపేపరు. కొమ్మను చిన్న సీసాలో నీళ్లు పోసి గుచ్చాలి, సీసా మూతిని దూదితో మూసేయాలి, లేకపోతే పురుగు దిగి మునిగిపోతుంది. ఆకు రోజూ మార్చాలి, రెట్టలు రోజూ తీయాలి. తేమ నిలిస్తే బూజు పట్టి పురుగులు నల్లబడి చచ్చిపోతాయి. కొన్న కరివేపాకు వద్దే వద్దు, దాని మీద ఏం కొట్టారో మనకు తెలియదు. డబ్బాకు ఒకట్రెండు పురుగులు చాలు. తినడం మానేసి డబ్బాలో తిరుగుతూ ఉంటే ప్యూపా కట్టడానికి చోటు చూసుకుంటోందని అర్థం. అప్పుడు నిలువుగా ఒక పుల్ల పెట్టాలి. రెక్కలు వచ్చాక వాటిని వేలాడేసి ఆరబెట్టుకోవడానికి కింద ఖాళీ ఉండాలి. ఇరుకైతే రెక్క ముడతపడి ఇక ఎగరలేదు.

నున్నటి పచ్చి కొమ్మ మీద కట్టిన ప్యూపా ఆకుపచ్చగా, గరుకు ఎండుపుల్ల మీదది మట్టి రంగులో వచ్చింది. ఒకే ఆకు తిన్న పురుగులు ఇవి! పిల్లలు ఈ సంగతిని నోటుబుక్కులో రంగు పెన్సిళ్లతో వేసుకున్నారు. ఒక ప్యూపా నుంచి సీతాకోక బదులు సన్నటి కందిరీగలు బయటికొచ్చాయి. పురుగు ప్యూపా కట్టే సమయానికి తల్లి కందిరీగ దానిలో గుడ్లు పెట్టి ఉంటుంది. ఆ రోజు మేనకోడలు అన్నం సరిగా తినలేదు. "ఇవి కూడా బతకాలి కదా మావయ్యా" అని సాయంత్రానికి తనే అంది. ఆ పేజీలో కందిరీగ బొమ్మ కూడా వేసింది.

మిగిలినవాటిలో తోకలేని నలుపు పసుపు గళ్లవి లైమ్ బటర్‌ఫ్లైలు, కింది రెక్కకు తోక ఉన్నవి మార్మన్లు. మార్మన్ ఆడదానికి మూడు రూపాలున్నాయి. ఒకటి మగదానిలా ఉంటుంది. రెండోది కామన్ రోజ్ అనే సీతాకోకని, మూడోది క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకని పోలి ఉంటుంది. రోజ్‌లు ఈశ్వరి తీగ తిని పెరిగి విషపూరితమవుతాయి, మార్మన్ కరివేపాకు తిన్నది, దానికి విషం లేదు. విషంలేనిది విషమున్నదాని రూపు తొడుక్కోవడం గురించి హెన్రీ బేట్స్ 1862లోనే రాశాడు. ఈ మార్మన్ రూపాలన్నిటినీ డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు నడుపుతోందని 2014లో తేలింది, ఆ పరిశోధనలో కృష్ణమేఘ్ కుంటే అనే మన దేశపు శాస్త్రవేత్త ఉన్నారు. మా పెరట్లో పప్పుకి తెంపే కరివేపాకు మీద ఇంత కథ నడుస్తోందంటే పిల్లలు నమ్మలేకపోయారు.

వీటిని పోల్చే కిటుకు చాలా సులువు. ఒళ్లు చూడాలి. రోజ్‌ల ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్ ఒళ్లు నల్లగా ఉంటుంది. రెక్కల్ని ఎంత దించినా ఒంటి రంగును మార్మన్ దించలేకపోయింది.

శివరాత్రి తరవాత: పుణ్యగిరి

జాతర సందడి తగ్గాక శృంగవరపుకోట మీదుగా పుణ్యగిరి వెళ్లాం. మెట్ల పక్క ధార ఈ కాలంలో సన్నబడుతుంది, ఇసుక తడిగా ఉండే చోట్లు తేలతాయి. సీతాకోకల్ని దగ్గర్నుంచి చూడాలంటే అలాంటి తడి ఇసుకే చోటు.

ఎండ నేరుగా పడేచోట లేతపచ్చ తెలుపు రెక్కలవి వరసగా కూర్చుని నీళ్లు పీలుస్తున్నాయి. ఎమిగ్రెంట్లు. అవి పీల్చేది నీళ్లకోసం కాదు, నీళ్లలోని ఉప్పు కోసం. ఆకులూ తేనే తిని పెరిగిన ఒంటికి సోడియం చాలదు. అలా వచ్చేవి దాదాపు అన్నీ మగవే. జత కట్టేటప్పుడు ఆ ఉప్పులో కొంత ఆడదానికి చేరి గుడ్లకు అందుతుంది. గుంపు దగ్గరికి నడిచి వెళ్తే లేచిపోతాయి. నాలుగడుగుల దూరంలో కూర్చుని కదలకుండా ఉంటే అవే తిరిగి వచ్చి వాలతాయి. పిల్లల్లో ఒకడి చెమట పట్టిన చేతి మీదే వాలింది ఒకటి. వాడు ఊపిరి కూడా తీయలేదు.

ఎమిగ్రెంట్లలో కామన్, మాటిల్డ్ అని రెండు. మూసిన రెక్క మీద సన్నటి గోధుమ నలకలు చల్లినట్టుంటే మాటిల్డ్. కామన్ ఎమిగ్రెంట్‌లోనే మళ్లీ రెండు తీరులు. ఒకదానికి మీసాలు నల్లగా ఉండి రెక్క అడుగు శుభ్రంగా ఉంటుంది, ఇంకోదానికి మీసాలు ఎర్రగా ఉండి ఎర్ర అంచున్న వెండి చుక్కలుంటాయి. రెండూ ఒకే జాతి. పుస్తకం పక్కన పెట్టి రేలచెట్టు దగ్గరికి వెళ్తే ఈ చిక్కు కొంత విడుతుంది. రేల చిగురు మీద గుడ్డు పెడుతున్నది కామన్ ఎమిగ్రెంట్ అయ్యే అవకాశమే ఎక్కువ. మాటిల్డ్ పొట్టి కసింద, తంగేడు లాంటి మొక్కలను వెతుక్కుంటుంది. గీత గీసినట్టు కచ్చితమైన నియమం కాదిది, కానీ ఎటు చూడాలో చెబుతుంది.

మెట్ల దారిలో ఒకచోట బ్లూ టైగర్లు, కామన్ క్రోలు కలిసి ఎండిన నాగదంతి మొక్కను పట్టుకుని వేలాడుతున్నాయి. పువ్వు లేదు, తేనె లేదు, ఎండిన కాడ మాత్రమే. మగవి ఆ కాడల నుంచి ఆల్కలాయిడ్లనే రసాయనాలు పీల్చుకుంటాయి. ఆడదాన్ని పిలిచే వాసన తయారుకావడానికి అవి కావాలి, పిట్టల నుంచి రక్షణకీ పనికొస్తాయి. గిలిగిచ్చ, జనుము మొక్కలు ఎండుతున్నప్పుడూ ఇదే జరుగుతుంది. మా ఊళ్లో ఒకాయన పశువుల మేతకు వేసిన జనుము కోసి ఆరబెట్టినచోట తరవాతి వారం ఇలాగే గుమిగూడి కనబడ్డాయి. బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్ రెండూ కలిసే తిరుగుతాయి. చారలు వెడల్పుగా, పాలిపోయిన నీలంలో ఉంటే మొదటిది. సన్నగా, రంగు చిక్కగా ఉంటే రెండోది. పక్కపక్కన ఉంటే తేడా ఇట్టే తెలుస్తుంది, ఒంటరిగా ఎగురుతుంటే కష్టం. అలాంటప్పుడు నోటుబుక్కులో "బ్లూ టైగర్ జాతి" అని మాత్రమే రాస్తున్నాం. తెలియనిచోట సగం పేరు రాయడం నామోషీ కాదని పిల్లలకు మొదట్నుంచీ చెబుతున్నాను.

ఫాల్గుణం మొదట్లో: మినుము మళ్లు

వరి కోసిన మళ్లలో చల్లిన మినుము, పెసర ఇప్పుడు పూత, కాయ మీద ఉన్నాయి. మా పట్టికలో చిన్నవాటి పేజీలన్నీ ఇక్కడివే. రూపాయి బిళ్లంత ఉండే నీలాలు, అంటే బ్లూ అనే పేరున్న చిన్న సీతాకోకలు, నేలకు జానెడు ఎత్తులో ఎగురుతుంటాయి. నిలబడి చూస్తే ఏవీ తెలియవు, గట్టు మీద బోర్లా పడుకుని చూడాలి.

కింది రెక్క అడుగున వంకర్లు తిరిగిన గోధుమ గీతలుండి, అంచుకు దగ్గరగా వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటే పీ బ్లూ. ఆ పట్టీ లేకుండా బూడిదరంగు మీద చుక్కలుండి, తోక దగ్గర నారింజ అంచు కట్టిన రెండు నల్ల మచ్చలుంటే గ్రామ్ బ్లూ. రెండిటి పురుగులూ అపరాల పువ్వులూ కాయలూ తింటాయి. పురుగును వెతకడానికి ఒక దారుంది. ఏ కాయ చుట్టూ చీమలు ఊరికే తచ్చాడుతున్నాయో ఆ కాయ చూడాలి. ఈ పురుగుల వీపు మీద తియ్యటి చెమ్మ ఊరే గ్రంథి ఉంటుంది. చీమలు దాన్ని తాగుతాయి, బదులుగా కందిరీగల్ని దగ్గరికి రానీయవు. మేనకోడలు ఈ దారిన వెతికి, కాయలోకి తల దూర్చిన పచ్చటి పురుగును పట్టేసింది.

మడి యజమాని గట్టు మీదకి వచ్చాడు.

"మాస్టారూ, ఆ నీలంది సూడ్డానికి బాగానే ఉంటాది గానీ, దాని పిల్ల నా కాయలు తొలిసేత్తంది. మందు కొట్టమంటారా, వద్దంటారా?"

ఆయన అడిగినదానికి తేలికగా మాట దాటెయ్యకూడదు, ఆ కాయలే ఆయన ఏడాది అపరాలు. మడి నాలుగు మూలలా తిరిగి చూద్దామన్నాను. తిరిగాం. తొలిచిన కాయలు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్నాయి, వాటిలో చాలావాటిలో ఉన్నది ఈ నీలాల పిల్లలు కాదు, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల పిల్లలు. ఎన్ని మొక్కలకు ఎన్ని కాయలు పోయాయో లెక్కేసి, ఎక్కువనిపిస్తేనే వ్యవసాయాధికారిని అడిగి మందు కొట్టమని, పూత మీద తేనెటీగలు తిరిగే పొద్దుటి పూట మాత్రం వద్దని చెప్పాను. ఆయన ఆ వారం ఏమీ కొట్టలేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఆయనే ఒక కాయ దాచిపెట్టి పిల్లలకు చూపించాడు.

గట్ల మీదనే గ్రాస్ యెల్లోలు తిరుగుతుంటాయి. పసుపు పచ్చగా, చిన్నగా, నేలబారుగా. ముందు రెక్క అడుగున, మొదలుకు దగ్గరగా ఉండే గడిలో చుక్కలు లెక్కపెట్టాలి. రెండుంటే కామన్, మూడుంటే త్రీ-స్పాట్. ఈ కాలంలో కామన్ గ్రాస్ యెల్లోకి ముందు రెక్క కొస దగ్గర అడుగున ఇటుక రంగు మచ్చ వస్తుంది. వానాకాలం బొమ్మల్లో అది ఉండదు.

చిన్న పేజీలు

రేగు: కామన్ పియరో. తెల్ల రెక్కల మీద నల్ల చుక్కలు. పళ్ల కోసం ఎలాగూ పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి ఈ పేజీ మా సాయం లేకుండానే నిండింది.

రణపాల: రెడ్ పియరో. కుండీలో ఉంటే చాలు వస్తుంది. పురుగు దళసరి ఆకు లోపలే సొరంగం చేసుకుని తింటుంది. ఆకు పలచగా, కాగితంలా కనబడితే వెలుగుకి ఎత్తి చూడండి, లోపల తిరుగుతూ కనబడుతుంది.

ఆముదం: కామన్ క్యాస్టర్. తెల్లజుమికి కంచె: టానీ కోస్టర్. గన్నేరు: కామన్ క్రో ప్యూపా, అద్దంలా మెరిసేది. నరమామిడి: టెయిల్డ్ జే, బడి ఆవరణలోనే.

మామిడి మీద బదనిక: కామన్ జెజెబెల్. దీని అందమంతా రెక్క అడుగున ఉంది, పసుపు మీద నల్ల ఈనెలు, అంచున ఎర్ర మచ్చలు. గుడ్లు బదనిక ఆకు మీద గుంపుగా పెడుతుంది. తోటలవాళ్లు బదనిక నరికేస్తారు, చెట్టు సారం లాగేస్తుంది కాబట్టి నరకాల్సిందే. కాపు వదిలేసిన ముసలి చెట్టు ఒకటి ఉంటే దాని మీద ఒక కొమ్మను ఉంచమని అడిగాను. ఒకరు సరేనన్నారు.

ఎండాకాలపు రూపాలు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ ఇదే, పిల్లలకు చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే.

రామతీర్థం కొండ కింద మామిడితోటలో ఎండుటాకుల మీద నడుస్తుంటే కాలి దగ్గర్నుంచి ఒక ఆకు లేచి నాలుగడుగుల అవతల మళ్లీ పడింది. వెళ్లి చూస్తే అక్కడ ఆకులే ఉన్నాయి. ఫోను జూమ్ చేసి చాలాసేపు వెతికితే దొరికింది, కామన్ ఈవెనింగ్ బ్రౌన్. వానాకాలంలో దీని రెక్క అడుగున వరసగా కళ్లలాంటి చుక్కలుంటాయి. ఇప్పుడు అవి చిన్న నలకలుగా తగ్గిపోయాయి, రెక్క కొస కొక్కెంలా వంగింది, రంగు ఒక్కొక్కదానికి ఒక్కో తీరు: ఒకటి మట్టి, ఒకటి ఇటుక, ఒకటి బూడిద. ఒకే తోటలో రెండు ఒకేలాంటివి దొరకలేదు. ఆకుల గుట్టలో అన్నీ ఒకే మాదిరి ఉంటే ఒకదాన్ని పట్టిన బల్లి, పిట్ట మిగతావాటినీ పోల్చేసుకుంటాయి. వేరువేరుగా ఉండటమే వీటికి కాపుదల.

పీకాక్ పాన్సీదీ ఇదే తీరు. పైన నారింజ రంగు మీద నెమలి కన్ను మారదు. రెక్క మూస్తే మాత్రం వానాకాలపు చుక్కలు ఉండవు, అంచులు కోసుగా సాగి, మధ్యలో ఈనెలాంటి గీతతో ఎండుటాకు ముక్కలా కనిపిస్తుంది. పురుగుగా ఉన్నప్పుడు తగిలే వేడి, చలి, పగటి నిడివిని బట్టి ఏ రూపంలో రావాలో నిర్ణయమవుతుంది. పచ్చగడ్డి కాలంలో సీతాకోక చురుగ్గా తిరుగుతుంది. కళ్లచుక్కలుంటే పిట్ట ముక్కు ఒంటికి కాక రెక్క అంచుకి తగులుతుంది, ప్రాణం దక్కుతుంది. ఎండుటాకుల కాలంలో కదలకుండా కూర్చోవడమే దారి, అప్పుడు ఆ చుక్క ఉంటే దొరికిపోతుంది.

అందుకే ఈ నెలల్లో చుక్కలు లెక్కపెట్టి పేరు చెప్పమంటే కుదరదు. పాన్సీల పేజీలో రెండు కాలాల బొమ్మలు పక్కపక్కనే వేయడానికి ఖాళీ వదిలాం. వానాకాలపు బొమ్మ భాద్రపదంలో వేస్తాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫాల్గుణంలో తోటల్లో ఆకులు పోగేసి తగలబెట్టే అలవాటు ఉంది. ఆ కుప్పలోనే ఈవెనింగ్ బ్రౌన్లు, బుష్ బ్రౌన్లు వానల దాకా రోజులు నెట్టుకొస్తాయి. ఆకుల్ని చెట్టు పాదులో పరిస్తే తేమా నిలుస్తుంది, ఎరువూ అవుతుంది. తగలబెడితే ఎవరికీ ఏమీ మిగలదు. రామతీర్థం దగ్గర తోట చూసుకునే మావయ్య వరస ఆయనతో ఇదే మాట చెప్పి, ఈసారికి రెండు వరసల చెట్ల కింద ఆకులు ఉంచేలా ఒప్పించాను.

ఉద్దానం: జీడితోట

మా చిన్నాన్నగారి ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర. పెళ్లికి వెళ్లినప్పుడు తోటలో తిరిగాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పెద్ద చెట్లను పడగొట్టాక నాటిన జీడిమొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. కొన్ని కొమ్మలకు ఇంకా పూత ఉంది, కొన్నిటి కింద పళ్లు రాలుతున్నాయి. పూత మీద నీలాలు, క్రోలు. రాలి పులిసిన పళ్ల మీద కామన్ బేరన్. ఇది పువ్వుల జోలికి వెళ్లేది తక్కువ, పులిసిన పండు, చెట్టు జిగురు అంటే ఇష్టం. మగది మట్టి రంగులో, ఆడది ఇంకొంచెం పెద్దగా, ముందు రెక్క మీద తెల్ల మచ్చలతో ఉంటుంది.

బేరన్ పిల్ల మామిడి ఆకూ తింటుంది, జీడి ఆకూ తింటుంది. ఒంటి రెండు పక్కలా ఈకల్లాంటి పచ్చటి ముళ్లు పరుచుకుని, వీపు మీది లేత గీతను ఆకు నడిమి ఈనెకు సరిగ్గా ఆనించి పడుకుంటుంది. చెయ్యి దగ్గరికొచ్చినా కనబడదు. చిన్నాన్న ఏళ్లుగా ఆ తోటలోనే ఉన్నారు, దీన్ని మొదటిసారి చూశానన్నారు. ఆయన చేత్తోనే ఆకు తిప్పించి ఫొటో తీశాం. ఉద్దానం పేజీకి అదే ముఖచిత్రం.

ఉగాది ముందు: పట్టిక ఎక్కడిదాకా వచ్చింది

జిల్లేడు, గంగపాయల, కరివేపాకు, రేల, నాగదంతి, మినుము, రేగు, రణపాల, బదనిక, మామిడి, జీడి పేజీలు పూర్తయ్యాయి. ఫొటోలు ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడుతున్నాం. అక్కడ తెలిసినవాళ్లు సరే అన్నాకే పెన్సిలు పేరు మీద పెన్ను దిద్దుతున్నాం.

ఆరుదొండ పేజీ సగంలో ఉంది. కొండ పక్క ముళ్లపొదల్లో వైట్ ఆరెంజ్ టిప్, కామన్ గల్ కనబడ్డాయి గానీ గుడ్డు పెడుతుండగా చూడలేదు. చూసేదాకా మొక్క పేరు ఎదురుగా వాటి పేర్లు రాయం. ఎండలు ముదిరేకొద్దీ ఆరుదొండ చిగురు పెడుతుంది కాబట్టి చైత్రంలో పొద్దున తొమ్మిదికి అక్కడ కూర్చోవాలి.

తునికి పేజీ ఖాళీ. బేరనెట్ దాని మీద గుడ్లు పెడుతుంది. పుణ్యగిరి పైన తునికి చెట్లున్నాయి, లేతాకు కోతకు వెళ్లేవాళ్లతో కలిసి వెళ్లడానికి మాట్లాడుకున్నాం.

బడి పెరట్లో చిన్న మడి తవ్వాం. రెండు కరివేపాకు మొక్కలు, ఒక నిమ్మ, ఒక రణపాల పెట్టాం, మూలనున్న జిల్లేడును కొట్టేయొద్దని వాచ్‌మన్‌కి చెప్పాం. వేసవి సెలవుల్లో నీళ్లు పోసే వంతులు పిల్లలే రాసి గోడకు అంటించారు. కొత్త చార్టు జూన్‌లో బడి తెరిచే రోజుకి తయారవ్వాలి. బొమ్మలు వేసే పని మేనకోడలిది, మొక్కల పేర్లు ఊళ్లో పెద్దవాళ్లకు చూపించి సరిచేసే పని నాది.